ఆట ఎందుకు ఆగదు? ఎక్కడ ఆపాలి?

మగ్రిబ్ అజాన్ అవుతూనే మన ఇళ్లలో మొదలయ్యే ఝగడా ఒకటుంది. "ఫోన్ పక్కన పెట్టి వజూ చెయ్ రా" అని అమ్మీ కేక వేస్తుంది. లోపలి గదిలోంచి జవాబొస్తుంది: "పాజ్ నై హోతా అమ్మీ, పాంచ్ మినిట్!" ఆమెకది బహానాలా వినిపిస్తుంది. ఐదు నిమిషాలు ఇరవై అవుతాయి. అబ్బా లేచి ఫోన్ లాక్కుంటాడు. ఆ తర్వాత ఇద్దరూ ముసల్లా మీద నిలబడతారు గానీ, ఇద్దరి దిల్లోనూ గుస్సాయే ఉంటుంది.

నా రాయి సీదాగా చెప్తాను. పిల్లాడు ఝూట్ చెప్పడం లేదు. ఆన్‌లైన్ ఆట నిజంగానే ఆగదు. కాకపోతే ఆ ఆగకపోవడంలో రెండు రకాలున్నాయి. ఒకటి మజ్బూరీ, రెండోది తిజారత్. మొదటిదాన్ని మనం అర్థం చేసుకోవాలి. రెండోదానికి తలవంచకూడదు.

ముందు మజ్బూరీ సంగతి. ఒంటరిగా ఆడే పాత వీడియో గేమ్‌లో లోకమంతా ఒక్క మెషీన్‌లోనే ఉండేది. మనం ఆపితే ఆగేది. బీజీఎంఐ లాంటి ఆటలో వంద మంది దాకా వేర్వేరు ఊళ్లలో కూర్చుని ఒకే మైదానంలో తిరుగుతారు. ఆ మైదానం నకలు ఎవరి ఫోన్‌లో వాళ్లకి ఉంటుంది. ఇన్ని నకళ్లూ ఒకదానితో ఒకటి కలిసేలా చూడటం ఎలా? పరిశోధకులు నలభై ఏళ్లుగా కుస్తీ పడుతున్న సవాల్ ఇదే. 1980లలో అమెరికా సైన్యం ట్యాంకుల తాలీమ్ కోసం సిమ్‌నెట్ అనే వ్యవస్థ చేయించింది. అందులో ప్రతి ట్యాంకు మెషీనూ తన లెక్క తానే చూసుకునేది. తన చాల్ మారినప్పుడు మిగతావాటికి ఖబర్ పంపేది. ఖబర్ వచ్చేలోపు "ఇదే వేగంతో ఇటే పోతుంటుంది" అని మిగతావి అందాజా వేసుకునేవి. నేటి ఆటలు కూడా ఇలాంటి అందాజాల మీదే నడుస్తున్నాయి.

అందాజా ఎందుకంటే, ఖబర్ చేరడానికి వక్త్ పడుతుంది. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు. సర్వర్ అక్కడుంటే, తీగ తిన్నగా వేసినా పోయి రావడానికి సెకనులో 30వ వంతు పడుతుంది. ఎంత డబ్బు పెట్టినా దీన్ని ఇంకా తగ్గించలేం.

మనకిది కొత్త సంగతేం కాదు. మైకులు లేని రోజుల్లో పెద్ద మసీదుల్లో ఇమామ్ తక్బీర్ వెనక సఫ్‌లకి వినపడేది కాదు. మధ్యలో ముకబ్బిర్ నిలబడి అదే తక్బీర్ గట్టిగా అందించేవాడు. ఇమామ్ కంటే ముందు ఎవరూ రుకూలోకి పోకూడదు. ఆలస్యంగా వచ్చినవాడు ఉన్నచోట కలిసి, తప్పిపోయిన రకాతులు తర్వాత పూర్తి చేసుకుంటాడు. నమాజ్‌కీ ఆటకీ ముఖాబలా లేదు, తౌబా! నేను చెప్పేది ఒక్కటే: నలుగురు కలిసి చేసే పని ఒక్కడి కోసం ఆగదు.

ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటలో 2014 జనవరిలో 7 వేలకు పైగా జనం పాల్గొన్న ఒక యుద్ధం 21 గంటల దాకా సాగింది. సర్వర్ ఆ బరువు మోయలేక అక్కడి కాలాన్నే పదో వంతుకి తగ్గించి నడిపింది. అంటే అందరికీ కలిపి కాలాన్ని నెమ్మది చేయొచ్చు. ఒక్కడికి మాత్రం ఆపలేం.

ఆగకపోవడానికి అసలు కారణం అవతల మనుషులుండటం. అలాంటప్పుడు "గేమే కదా అబ్బా" అనే మాట కూడా చెల్లదు. 2005లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక్క చోటికే పరిమితం కావాల్సిన ఒక రోగం, పొరపాటున ఆటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా నగరాలకు పాకింది. కొందరు ఇలాజ్ చేయడానికి పరుగెత్తారు. కొందరు పారిపోయారు. కొందరు కావాలనే ఇతరులకి అంటించారు. నిజమైన మహమ్మారిలో జనం ఎలా నడుచుకుంటారో దీన్ని చూసి నేర్చుకోవచ్చంటూ 2007లో ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో రాశారు. కరోనాలో మన గల్లీల్లో కూడా ఈ మూడు రకాల మనుషుల్నీ చూశాం. బొమ్మలు నకలీవి కావొచ్చు, అఖ్లాఖ్ మాత్రం అసలీది. హెడ్‌ఫోన్ పెట్టుకుని అవతలివాడి అమ్మని తిట్టిన గాలీ గాలీయే. జట్టువాళ్లని మధ్యలో వదిలేసి పోవడం కూడా హుఖూఖుల్ ఇబాద్ లెక్కలోకే వస్తుంది.

ఇక తిజారత్. ఈ రోజు లాగిన్ కాకపోతే ఇనామ్ పోతుంది. ఈ సీజన్ దాటితే ఆ డ్రెస్ మళ్లీ దొరకదు. ఒక మ్యాచ్ అయిపోగానే "మళ్లీ ఆడు" అనే బటన్ మెరుస్తుంది. ఇవేవీ వెలుగు వేగం వల్ల వచ్చినవి కావు. మన పిల్లల వక్త్‌ని అమ్ముకోవడానికి దుకాణం పెట్టినవాళ్లు తయారు చేసినవి. పసిబిడ్డ ఏడుపు వినబడితే, తల్లి తడప్ తెలిసి మన రసూల్ (స.అ.స.) నమాజ్‌నే కుదించేవారు. నడిపించే చేతిలో ఆ వెసులుబాటు ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లోంచి పిలుపొచ్చినవాడు మ్యాచ్ వదిలి పోతే జరిమానా వేయాలో, మాఫ్ చేయాలో కంపెనీ చేతిలోని పనే.

మరి ఏం చేయాలి? మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కోవడం కంటే, మొదలు కాకముందే మాట తీసుకోవడం మేలు. క్లాసిక్ మ్యాచ్ ఒకటి అరగంట దాకా పట్టొచ్చు. అజాన్ వక్త్ ఎప్పుడో అందరికీ తెలుసు. కాబట్టి అజాన్‌కి నలభై నిమిషాల ముందు నుంచి కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు. మగ్రిబ్ వక్త్ చిన్నది, అక్కడ ఈ ఖాయిదా ఇంకా గట్టిగా ఉండాలి. మొదలైన మ్యాచ్‌ని పిల్లాడు పూర్తి చేసుకోనివ్వండి, అది జట్టు హఖ్. అయిపోయాక ఇంకోటి మొదలుపెట్టనివ్వకండి, అది ఇంటి హఖ్. వాదా తప్పి వేళ దాటాక మొదలుపెడితే మాత్రం మ్యాచ్ మధ్యలోనైనా లేవాల్సిందే. అప్పుడు జట్టుకి జవాబు చెప్పుకోవాల్సింది అమ్మీ కాదు, వాడే.

ఇంకో మాట. "ఎంతసేపు ఆడావు?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "ఎవరితో ఆడావు? వాళ్లతో ఎలా మాట్లాడావు?" అని కూడా అడగండి. మొదటి సవాల్‌కి పిల్లలు నిమిషాలు తగ్గించి చెప్తారు. రెండో సవాల్‌కి కాసేపు ఆలోచించుకుని జవాబిస్తారు.