పోటీ అయిపోయాక పాట ఎవరిది?

టీవీలో పాటల పోటీ మొదలైందంటే గోదావరి జిల్లాల్లో ఏదో ఒక ఊరి సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది. మన ఊరి బిడ్డ, ఓటేసి గెలిపించండి అని. ఆ ఫ్లెక్సీ ఎండకు వెలిసేలోగా పోటీ ముగిసిపోతుంది. గెలిచినవాళ్ల మీద కథనాలు వస్తాయి. మధ్యలో వెనుదిరిగినవాళ్లు ఏమయ్యారో ఎవరూ రాయరు. అందులోనూ పేట నుంచి వెళ్లిన పిల్లల సంగతి అసలే తెలియదు. వాళ్లలో ఎక్కువమంది మళ్లీ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలోనో, చర్చి క్వయర్‌లోనో, ఏప్రిల్ 14 స్టేజీ మీదో కనబడతారు. గొంతు అదే, పాట అదే. మరి ఆగింది ఎక్కడ?

'ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరు' అని టీవీ చెబుతుంది. ఆ మాటను కాసేపు పక్కన పెట్టి, ఈ పోటీల నుంచి నిలదొక్కుకున్నవాళ్ల దారి చూద్దాం.

1996లో ఈటీవీలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 'పాడుతా తీయగా' మొదలుపెట్టినప్పుడు అది నిజంగా ఒక తలుపు తెరిచింది. అంతకు ముందు సినిమా పాట పాడాలంటే మద్రాసులో ఎవరో ఒకరు తెలిసుండాలి. ఈ కార్యక్రమం వచ్చాక చిన్న పట్నాల పిల్లల గొంతు ఇంటింటికీ వినబడింది. 2020 సెప్టెంబర్ 25న బాలు గారు వెళ్లిపోయాక ఆయన కొడుకు చరణ్ దాన్ని నడుపుతున్నారు. తర్వాత మిగతా ఛానళ్లూ పోటీలు పెట్టాయి. హిందీ ఇండియన్ ఐడల్‌లో 2006లో కారుణ్య రెండో స్థానంలో నిలిచాడు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలిచారు. 2022లో ఆహాలో తెలుగు ఇండియన్ ఐడల్ వచ్చింది, మొదటి విజేత వాగ్దేవి.

ఆ 2022 పోటీకి యాంకర్ శ్రీరామచంద్ర. మరుసటి సీజన్‌కు యాంకర్ హేమచంద్ర, జడ్జిల్లో ఒకరు గీతా మాధురి. నిన్నటి పోటీదారులే ఇవాళ పోటీ నడుపుతున్నారు. సినిమా పాట కంటే నమ్మకమైన ఉపాధి పోటీ కార్యక్రమమే అయిపోయిందా అనిపిస్తుంది. రేవంత్ సంగతి చూడండి. 2015లో వచ్చిన 'బాహుబలి'లో 'మనోహరి' పాడింది అతనే. అంటే 2017లో కిరీటం పెట్టుకునేనాటికే తెలుగులో స్థిరపడిన గాయకుడు. ఆ పోటీ అతన్ని దేశానికి పరిచయం చేసింది, పనిలో పెట్టలేదు. నిలబడినవాళ్లలో చాలామందికి పోటీకి ముందే ఒక దారి ఉంది. ఆ దారిని పోటీ వెడల్పు చేస్తుంది. దారే లేనివాళ్లను వెలుగులో కాసేపు నిలబెట్టి, తిరిగి రైలెక్కిస్తుంది.

డెల్టాకే చెందిన ఉదాహరణ గీతా మాధురి. పుట్టింది పాలకొల్లులో. పెరిగింది, సంగీతం నేర్చింది హైదరాబాద్‌లో. రామాచారి గారి లిటిల్ మ్యుజీషియన్స్ అకాడమీ నుంచి వచ్చిన గాయనీగాయకుల్లో ఆమె ఒకరు. 'నచ్చావులే' పాటకు నంది అవార్డు వచ్చింది. ఆమె కష్టాన్ని తక్కువ చేయడం కాదు, ఆ కష్టం ఏ చోట ఫలించిందో చెప్పడం. కుటుంబం హైదరాబాద్ వెళ్లగలిగింది. అక్కడ గురువు దొరికాడు. గురువు దగ్గర తోటి గాయకులు, వాళ్ల ద్వారా సంగీత దర్శకులు, వాళ్ల స్టూడియోలు. ఈ గొలుసులో ఒక్క లింకు కూడా రాజోలులోనో కొవ్వూరులోనో లేదు.

కూలి ఇంట్లో పిల్లకు ఇదే గొలుసు ఎలా కుదురుతుంది? రాజమండ్రిలో రాత్రి గౌతమి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. టికెట్ పెద్ద ఖర్చు కాదు. అక్కడ ఉండటమే ఖర్చు. ఆడిషన్‌కు ఒక రోజు, షూటింగ్‌కు మరికొన్ని రోజులు. మైనరైతే తోడు ఒక పెద్ద మనిషి, ఆ మనిషి కూలి పోయినట్టే. పోటీ అయ్యాక అసలు ఖర్చు మొదలవుతుంది. కొత్త గొంతుకు ముందు దొరికేది ట్రాక్ పాడే పని. సంగీత దర్శకుడు పాట కట్టాక హీరోకో నిర్మాతకో వినిపించడానికి ఎవరో ఒకరు పాడాలి. తర్వాత ఆ పాటను పేరున్న గాయకుడితో పాడిస్తారు. ట్రాక్ అలాగే ఉంచేస్తే అదృష్టం. ఈ అదృష్టం కోసం నెలలు, కొన్నిసార్లు ఏళ్లు హైదరాబాద్‌లో అద్దె కట్టుకుని ఎదురు చూడాలి. ఎదురు చూడగలిగే శక్తిని కూడా మనం ప్రతిభ లెక్కలోనే వేస్తున్నాం.

ఇక నేర్చుకునే చోటు. డెల్టా దళితవాడల్లో సంగీత పాఠశాల ఏదంటే చర్చే. 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురం వైపు వచ్చారు, తర్వాత రాజమండ్రి లూథరన్ మిషన్‌కు కేంద్రమైంది. అప్పటి నుంచి ఆదివారం పాట అనేది మాల, మాదిగ పేటల్లో చదువుతో పాటు నడిచిన శిక్షణ. హార్మోనియం, డోలక్, ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్. పదేళ్ల పిల్ల పదిమందితో కలిసి శృతి పట్టుకోవడం అక్కడే నేర్చుకుంటుంది. మరోవైపు డప్పు ఉంది, అంబేడ్కర్ జయంతి పాట ఉంది, కళాజాతా ఉంది. ఇవన్నీ కలిస్తే తక్కువ చదువేం కాదు.

అమెరికాలో ఇలాంటి చదువును గర్వంగా చెప్పుకుంటారు. 2004 అమెరికన్ ఐడల్‌లో గెలిచిన ఫాంటేసియా, అదే సీజన్లో ఏడో స్థానంలో వెనుదిరిగి 2007లో ఆస్కార్ అందుకున్న జెనిఫర్ హడ్సన్, ఇద్దరూ నల్లజాతి చర్చిలో పాడుతూ పెరిగినవాళ్లే. ఆ మాట వాళ్ల పరిచయంలో మొదటి వాక్యం. మన దగ్గర పేట పిల్లకు ఆ వాక్యం చెప్పడం అంత సులువు కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా లేదు. నేను చర్చిలో పాట నేర్చుకున్నాను అని లక్షల మంది ముందు చెప్పడమంటే సర్టిఫికెట్ గురించి ఒక ప్రశ్నను ఇంటికి పిలుచుకోవడమేనన్న భయం ఉంటుంది. చర్చిలో పాడినంత మాత్రాన మతం మారినట్టు కాదు. కానీ ఊళ్లో అలా అడిగేవాళ్లకు ఆ తేడాతో పనేముంది? దాంతో గురువు పేరు చెప్పాల్సిన చోట చాలామంది 'విని నేర్చుకున్నానండి' అని ఊరుకుంటారు. సంగీత వంశం ఉన్న పిల్ల తాతగారి పేరు చెబుతుంది. పేట పిల్లకు తాత ఉండీ లేనట్టే.

జడ్జిలు చూసే కొలమానం కూడా ఈ చదువును గుర్తించదు. గమకం, ఉచ్చారణ, 'ళ'కూ 'ల'కూ తేడా, ఒత్తులు. బాలు గారు ఉచ్చారణ మీద చూపిన శ్రద్ధ భాషకు మేలే చేసింది, కాదనను. కానీ అదే గోదావరి యాసను సినిమాల్లో నవ్వు తెప్పించడానికి వాడుకుంటారు, పాటలో వస్తే మాత్రం తప్పు అంటారు. దానికి పరిహారంగా ఒక జానపద రౌండ్ పెడతారు. ఆ వారం అందరూ తలపాగాలు చుట్టి, గళ్ల లుంగీలు కట్టి వస్తారు. వెనక ఎవరో డప్పు పట్టుకుని నిలబడతారు. వారం మారగానే డప్పు గోదాముకు పోతుంది.

పోటీ లేకుండానే పాట దొరికిన సందర్భం కూడా మన జిల్లాలో ఉంది. 2018లో రంగంపేట మండలం వడిశలేరుకు చెందిన పసల బేబీ 'ప్రేమికుడు' సినిమాలోని రెహమాన్ పాట పాడిన వీడియో ఫోన్ల మీదుగా ప్రపంచమంతా తిరిగింది. శాస్త్రీయ శిక్షణ లేని పల్లెటూరి మహిళ. తూర్పు గోదావరికే చెందిన రఘు కుంచె ఆమెతో ఒక పాట చేశారు. చిరంజీవి ఇంటికి పిలిచి అభినందించారు. టీవీ స్టూడియోలు వరసకట్టాయి. అది మంచి విషయమే. కానీ ఆ వారాల్లో వచ్చిన కార్యక్రమాలు ఆమె పేదరికాన్ని చూపించినంత శ్రద్ధగా ఆమె గొంతును వినలేదు. 'చూడండి, ఇలాంటి మనిషికి ఇలాంటి గొంతు' అనే ఆశ్చర్యమే కథ. ఆ ఆశ్చర్యంలోనే కులం ఉంది. కూలి మనిషికి గొంతు ఉండటం వింత ఎందుకైంది? నాట్లలో, కోతల్లో ఈ డెల్టా అంతా పాడింది వాళ్లే కదా.

డబ్బు, హక్కు ఎటు పోతాయో తెలియాలంటే జానపద పోటీలనే చూడాలి. మాటీవీలో వచ్చిన 'రేలా రే రేలా' తెలుగు టీవీలో అరుదైన ప్రయోగం. సినిమా పాట కాకుండా పల్లె పాటకు పోటీ పెట్టింది. అది ఇచ్చిన పేరు కొందరికి ఇంటిపేరైంది. 2018లో 'రంగస్థలం'లో 'జిగేలు రాణి' పాడినవాళ్లు రేలా కుమార్, గంటా వెంకటలక్ష్మి. ఆ సినిమా కథ గోదావరి ఒడ్డు ఊరిది, దర్శకుడు సుకుమార్‌ది రాజోలు ప్రాంతం, సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్ మూలాలు వెదురుపాకలో. పాట ఊపేసింది. ఆ పాట తెలిసినవాళ్లలో ఎంతమందికి ఆ రెండు పేర్లు తెలుసు?

అదే వేదిక నుంచి మూడేళ్ల తర్వాత ఒక తగాదా వచ్చింది. 2021లో శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ'లోని 'సారంగదరియా' యూట్యూబ్‌ను కుదిపేసింది. రాసింది సుద్దాల అశోక్ తేజ, పాడింది మంగ్లీ. పల్లవి మాత్రం జనం పాట. 'రేలా రే రేలా'లో పోటీదారు శిరీష పాడగా విన్నానని దర్శకుడే చెప్పారు. ఆ పాటను సేకరించింది నేనని వరంగల్ ప్రాంతానికి చెందిన గాయని కోమలి ముందుకొచ్చారు. ఆ పోటీకి న్యాయనిర్ణేతగా ఉన్నదీ సుద్దాలే. చివరికి ఆమె పేరు, కొంత పారితోషికం ఇస్తామన్న మాటతో గొడవ సద్దుమణిగింది. ఒక్కరి దురుద్దేశం అని తేల్చేస్తే విషయం అర్థం కాదు. జానపదానికి యజమాని లేడు కాబట్టి రికార్డు చేసినవాడే యజమాని అవుతాడు. పోటీలో పాట పాడటమంటే దాన్ని పరిశ్రమ ముందు పరచడం. సినిమాలో హీరో దళితుడు, కులం అడ్డుపడే ప్రేమ కథ. ఆ కథకు గుర్తింపు తెచ్చిన పాటను మోసుకొచ్చిన ఆడవాళ్ల పేర్లు మాత్రం గొడవ జరిగితే తప్ప బయటకు రాలేదు.

చట్టం ఏమంటుంది? 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా కోసం పాడిన పాటను వాణిజ్యపరంగా వాడితే గాయకుడికి రాయల్టీ రావాలని 38ఎ సెక్షన్ చెబుతుంది. తన గొంతుకు తన పేరు వేయించుకునే హక్కు 38బి ఇస్తుంది. ఆ మరుసటి ఏడాది గాయకుల రాయల్టీ వసూలు చేసే సంఘం కూడా ఏర్పడింది, మొదట్లో ముందు నిలిచినవాళ్లలో బాలు గారు ఉన్నారు. ఇవి మనవాళ్లకు తెలియవు. పోటీకి ఎంపికైన పిల్ల సంతకం పెట్టే కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, చదివి చెప్పే లాయరు పక్కన ఉండడు. రికార్డయిన కార్యక్రమం హక్కులు మామూలుగా ఛానల్‌కే పోతాయి. ఆ క్లిప్పు పదేళ్ల తర్వాత కూడా యూట్యూబ్‌లో ప్రకటనలతో తిరుగుతుంది. పాడిన పిల్లకు వాటా ఉందా అంటే, తను సంతకం పెట్టిన కాగితం కాపీ కూడా ఇంట్లో ఉండదు.

తమిళనాడులో పేరున్నవాళ్లకే ఇది తప్పలేదు. పా. రంజిత్ తోడ్పాటుతో వచ్చిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ నుంచి ఎదిగిన దళిత కళాకారుడు అరివు, 2021లో ధీతో కలిసి 'ఎంజాయ్ ఎంజామి' పాడాడు. అదే ఏడాది ఒక పత్రిక ముఖచిత్రం మీద అతను లేడు. 2022 చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట అతను లేకుండానే మోగింది. అరివు నోరు తెరిచి అడిగాడు, అతని వెనక ఒక ఉద్యమం ఉంది కాబట్టి జనం విన్నారు. మన డెల్టా గాయకుల వెనక అలాంటి వేదిక లేదు. రాజమండ్రి నేల కుసుమ ధర్మన్నను ఇచ్చింది, మామిడికుదురు బోయి భీమన్నను ఇచ్చింది. అక్షరం ఉంది, దాని పక్కన నిలబడే సొంత రికార్డింగ్ వ్యవస్థ లేదు.

ఇక్కడ మనవైపు కూడా చూడాలి. ఏప్రిల్ 14న అమలాపురం నుంచి భీమవరం దాకా ఎన్ని స్టేజీలు! సౌండ్ సిస్టమ్‌కు బేరం లేకుండా డబ్బు కడతాం. ఫ్లెక్సీలకు కడతాం. రాత్రి పదకొండు దాకా పాడిన గాయనికి శాలువా కప్పి, ఆటో ఖర్చులకు అని కవరు చేతిలో పెడతాం. అడిగితే 'ఉద్యమం కదమ్మా' అంటాం. చర్చిలో 'దేవుని సేవ కదమ్మా' అంటారు. అదే సంఘం క్రైస్తవ ఆల్బం చేయాలనుకుంటే మాత్రం హైదరాబాద్ సినిమా గాయకులను పిలిచి డబ్బిచ్చి పాడిస్తుంది, క్వయర్ పిల్ల ట్రాక్ పాడి ఇంటికొస్తుంది. పరిశ్రమ చేసే పనే, కాకపోతే మనం ప్రేమగా చేస్తాం.

జయంతి కమిటీలు ఇప్పటికిప్పుడు చేయగలిగినవి ఉన్నాయి. గాయకుల పారితోషికం బడ్జెట్లో ముందే రాయడం, కరపత్రంలో ముఖ్య అతిథుల పేర్లతో సమానమైన సైజులో వాళ్ల పేర్లు వేయడం, స్టేజీ వీడియోను ఎవరి ఛానల్లో పెడుతున్నారో పాడినవాళ్లను అడిగి పెట్టడం. పోటీలకు వెళ్లే పిల్లల కాగితాలు ఒకసారి చదివిపెట్టడానికి మన లాయర్లు రాజమండ్రి, కాకినాడ, ఏలూరు బార్లలో ఉన్నారు. వాళ్లకు ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే చాలు, సంతకం పెట్టకముందు.