ఆహారము - ఆరోగ్యము: పాలు దేనికి తోడు, దేనికి అడ్డు?

పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయికి డాక్టరు ఇనుము మాత్రలు వ్రాసి ఇస్తారు. అవి వేడి చేస్తాయేమోనని తల్లి భయపడి గ్లాసెడు పాలతో మింగిస్తుంది. తమిళనాడులో స్థిరపడిన మన ఇళ్లలో అయితే ఆ పాలలో కాఫీ డికాషను కూడా కలుస్తుంది. ఎంతో ప్రేమతో చేసే ఈ పని వలన మాత్ర ఫలం తగ్గిపోతున్నదని చెబితే సోదరీమణులు నొచ్చుకోకూడదు. పాలు మంచివే. దేనికి మంచివో, ఏ వేళకు కావో తెలియడమే ముఖ్యం.

ముందు మేలు సంగతి చూతము. ఆవుపాలలోని మాంసకృత్తులలో నూటికి 80 పాళ్లు కేసీన్ అనేది. పాలు విరిగినప్పుడు తెల్లగా గడ్డకట్టేది ఇదే. 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం, అనగా సున్నపు ధాతువు, ఉన్నది. ఇంత సున్నము, దానికి తోడు భాస్వరము, వట్టి నీళ్లలో ఉంటే ముగ్గుపిండివలె అడుగున పేరుకుపోవలసినదే. అట్లు కాకుండా కేసీన్ ఆ రెంటినీ తనలో పొదువుకొని మోస్తుంది.

త్రాగిన తరువాత జరిగేది ఇంకా చిత్రంగా ఉంటుంది. కడుపులో పుల్లని రసం ఉన్నంతసేపు సున్నము కరిగే ఉంటుంది. చిన్న ప్రేగులోకి దిగగానే ఆ పులుపు విరుగుతుంది. అక్కడ సున్నము మళ్లీ భాస్వరంతో కలిసి గడ్డకట్టవచ్చును. గడ్డకట్టినదానిని ప్రేగు గోడ పీల్చుకోలేదు. సరిగా అక్కడనే ట్రిప్సిన్ అనే పాచకద్రవ్యం కేసీన్‌ను ముక్కలు ముక్కలు చేస్తుంది. ఈ ముక్కలకే పెప్టైడులని పేరు. వీనిలో కొన్నిటికి భాస్వరపు కొక్కేలు వరుసగా ఉంటాయి. అవి సున్నమును పట్టుకొని, గడ్డకట్టనీయకుండా, కరిగిన స్థితిలోనే నిలుపుతాయి. వీనినే కేసీన్ ఫాస్ఫోపెప్టైడులు అంటారు.

1950లో స్వీడను దేశంలో మెలాండరు అనే శాస్త్రజ్ఞుడు, రికెట్సు వ్యాధి గల శిశువులకు ఈ పెప్టైడులు ఇవ్వగా, డి విటమిను సాయం లేకుండానే ఎముకలకు సున్నము పట్టినదని ప్రకటించాడు. ఆ తరువాతి పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొన్నిటిలో మేలు కనిపించింది, కొన్నిటిలో లేదు. కనుక ఈ పేరు చెప్పి అమ్మే పొడులకు డబ్బు పోయనక్కరలేదని మా అభిప్రాయం. బియ్యం తినే మనకు ఆసక్తి కలిగించేది 1997లో ప్రకటించిన మరొక పరీక్ష. ఈ పెప్టైడులను బియ్యపు జావలో కలిపి ఇస్తే కాల్షియం, జింకు రెండూ ఎక్కువగా ఒంటబట్టినవి. పొట్టు తీయని ధాన్యపు జావలో కలిపితే ఆ లాభం కనబడలేదు. పొట్టులో ఫైటిక్ ఆమ్లం హెచ్చు; ఖనిజాలను బిగబట్టడంలో దానికదే సాటి.

కోలారు, బెంగుళూరు ప్రాంతాల మనవారికి రాగి సంగటి అలవాటైన ఆహారం. రాగులలో కాల్షియం దండిగా ఉన్నది, 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. ఫైటిక్ ఆమ్లమూ ఉన్నది. రాగులను మొలకెత్తించినా, అంబలి పులియబెట్టినా అది తగ్గుతుంది. పులిసిన అంబలిలో మజ్జిగ పోసుకొనే పద్ధతి ఎవరు పెట్టారో గాని, వారికి నమస్కారం చేయవలసినదే. (పాలకూర పేరులో పాలు ఉన్నవని మురిసిపోకండి. 1988 నాటి పరీక్షలో పాలలోని కాల్షియం నూటికి 27 పాళ్లు ఒంటబట్టగా, పాలకూరలోనిది 5 పాళ్లే.)

ఇక ఇనుము. ఆ భాస్వరపు కొక్కేలే ఇనుమునూ పట్టుకుంటాయి, అదీ సున్నము కంటె గట్టిగా. పట్టు వదలకపోతే అది రక్తంలోకి చేరేదెట్లా? పైగా పాలలోని కాల్షియం కూడా ఇనుము దారికి అడ్డు నిలుస్తుంది. 1991లో స్వీడనులోనే హాల్బర్గు బృందం చేసిన పరీక్షలో, భోజనానికి 165 మిల్లీగ్రాముల కాల్షియం పాలుగా గాని, చీజుగా గాని చేర్చితే, ఇనుము ఒంటబట్టడం నూటికి 50 నుండి 60 పాళ్లు తగ్గినది. ఒక చిన్న గ్లాసెడు పాలలో అంత కాల్షియం ఉన్నది.

అట్లని పెరుగన్నం మానమని మేము చెప్పము. అన్ని పదార్థాలూ కలిపి తినేవారిలో, నెలల తరబడి చూస్తే ఈ అడ్డు అంత పెద్దది కాదు. చిక్కంతా రక్తం తక్కువైనవారికి, గర్భిణులకు, మాత్ర మీద ఆధారపడినవారికి. వారేమీ కొద్దిమంది కారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. వీరు ఇనుము మాత్రను మంచినీళ్లతో గాని, నిమ్మరసంతో గాని వేసుకోవాలి. పాలు, కాఫీ, టీ, కాల్షియం మాత్ర, ఇవన్నీ రెండు గంటల ఎడంగా ఉండాలి. కడుపులో వికారం చేస్తే మాత్ర మానేయకుండా డాక్టరుతో చెప్పి వేళ మార్చుకోవచ్చును.

పసివాళ్ల విషయంలో మరొక చిక్కు. "మా వాడు అన్నం ముట్టడు గాని పాలు మాత్రం లీటరు త్రాగుతాడు" అని గర్వంగా చెప్పే అమ్మమ్మలు మనలో లేకపోలేదు. లీటరు ఆవుపాలలో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. పాలతో పొట్ట నిండిన పిల్లవాడు పప్పు, ఆకుకూర, గ్రుడ్డు అడగడు. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు అరలీటరు చాలును. ముఖం తెల్లబారి, ఆటల మీద మనసు పోకుండా మూల కూర్చుంటుంటే, దిష్టి తీయడంతో ఆగక రక్తపరీక్ష చేయించండి.