మెరిట్ మూట విప్పిన యంత్రం



కంప్యూటర్ వచ్చింది, ఇక కులం పోతుందన్నారు కొందరు. కంప్యూటర్ వచ్చింది, ఇక కూలి పోతుందన్నారు ఇంకొందరు. ఈ రెండు మాటలూ మన వాడల్లో ముప్పై ఏళ్లుగా వింటూనే ఉన్నాం. ఇప్పుడు ఏఐ అనే కొత్త పేరొచ్చింది. మళ్లీ అవే రెండు మాటలు. యంత్రాన్ని దేవుణ్ణి చేసేవాళ్లొకవైపు, దెయ్యాన్ని చేసేవాళ్లొకవైపు. మనం దండమూ పెట్టొద్దు, పారిపోనూ వద్దు. లెక్క అడుగుదాం. యంత్రం వల్ల పెరిగిందెంత? ఆ పెరిగింది ఎవరి గంపలో పడింది?

ఈ లెక్కను మూడు దశాబ్దాలకు పైగా పట్టుకున్న ఆర్థికవేత్త ఒకాయన అమెరికాలో ఉన్నాడు. పేరు ఎరిక్ బ్రిన్‌యోల్ఫ్‌సన్. చాలాకాలం ఎంఐటీలో పాఠాలు చెప్పి 2020లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఆయన లెక్కలు వేసింది కంపెనీల గురించి. కానీ ఆ లెక్కల్లో మనకు పనికొచ్చే ఆయుధం ఒకటుంది.

సంగతి 1987 నాటిది. ఆ ఏడాదే నోబెల్ బహుమతి అందుకున్న రాబర్ట్ సోలో ఒక చురక వేశాడు. ఎక్కడ చూసినా కంప్యూటర్లే, ఉత్పాదకత లెక్కల్లో మాత్రం వాటి జాడే లేదన్నాడు. ఉత్పాదకత అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక మనిషి ఒక గంట పనిచేస్తే ఎంత పని తేలిందన్నదే ఉత్పాదకత. కోట్లు పోసి కంప్యూటర్లు కొన్నారు, తేలిన పని మాత్రం పెరగలేదు. ఎందుకు?

బ్రిన్‌యోల్ఫ్‌సన్ 1993లో ఈ చిక్కుముడి మీద రాశాడు. తర్వాత లోరిన్ హిట్ అనే పరిశోధకుడితో కలిసి దేశం మొత్తం లెక్కను పక్కనబెట్టి ఒక్కో కంపెనీ లెక్క తీశాడు. 1987 నుంచి 1994 దాకా 527 పెద్ద కంపెనీల లెక్కలు చూసి 2003లో అచ్చువేశారు. కంప్యూటర్ పెట్టిన ఏడాదిలో ఫలితం కొంచెమే. ఐదు నుంచి ఏడేళ్ల మీద చూస్తే అది ఐదు రెట్ల దాకా పెరిగింది. ఆ నడుమ ఏళ్లలో ఏం జరిగింది? పని పద్ధతి మారింది. కిందివాళ్లకు శిక్షణ దొరికింది. పైవాడు ఒక్కడే తీసుకునే నిర్ణయాలు పనిచేసేవాళ్ల చేతికి వచ్చాయి. ఇట్లా మారిన కంపెనీలకే కంప్యూటర్ ఎక్కువగా అక్కరకొచ్చిందని వాళ్ల పరిశోధనలు చెబుతున్నాయి. మిషను కొనడానికయ్యే ఖర్చు కన్నా మనుషుల ఏర్పాటు మార్చడానికయ్యే ఖర్చే పెద్దది.

కరెంటు వచ్చినప్పుడూ ఇంతే. పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1990లో ఈ పోలికే తెచ్చాడు. ఆవిరి ఇంజను కాలంలో ఫ్యాక్టరీ అంతటికీ ఒకటే ఇరుసు, దాని నుంచి బెల్టులు. కరెంటు మోటారు వచ్చాక కూడా చాలాచోట్ల అదే ఇరుసుకు దాన్ని తగిలించి ఊరుకున్నారు. ఒక్కో మిషనుకు ఒక్కో మోటారు పెట్టి, షెడ్డునే కొత్తగా కట్టుకున్నాక, 1920లలో గానీ అమెరికాకు పూర్తి ఫలితం అందలేదు.

ఇది మనకు తెలియని సంగతేం కాదు. నేను పనిచేసిన ఒక బడికి కంప్యూటర్లు వచ్చాయి. గదికి తాళం పడింది. పిల్లలు పాడుచేస్తారని గుడ్డ కప్పి ఉంచారు. తనిఖీకి ఎవరన్నా వస్తేనే గుడ్డ తీసేవాళ్లు. రిజిస్టర్లో కంప్యూటర్లున్నాయి, పిల్లల వేళ్ల కిందికి మాత్రం రాలేదు. సోలో అడిగిన ప్రశ్నకు మా బడే ఒక జవాబు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2023లో బ్రిన్‌యోల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ కలిసి ఇంకో లెక్క బయటపెట్టారు. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి కస్టమర్ల ఇబ్బందులు తీర్చే ఉద్యోగులు ఐదువేల మందికి పైగా ఉన్నారు. ఎక్కువమంది ఫిలిప్పీన్స్ దేశంలో పనిచేసేవాళ్లు. వాళ్లకు ఏఐ సాయం ఇచ్చారు. కస్టమర్ ఏదన్నా అడిగితే ఎట్లా జవాబు చెప్పాలో అది పక్కన సూచిస్తుంది. గంటకు తీర్చే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవాళ్లకు, వెనకబడ్డవాళ్లకు 34 శాతం పెరిగాయి. ముందునుంచీ ఆరితేరినవాళ్లకు పెద్దగా పెరిగిందేం లేదు. యంత్రం సాయమున్న రెండు నెలల కొత్తవాడు, ఆ సాయం లేని ఆరు నెలల పాతవాడితో సమానంగా పనిచేశాడు.

ఈ మాట రెండుసార్లు చదవండి. మండల్ రోజుల్లో, 1990లో, మెరిట్ మెరిట్ అని రోడ్లెక్కినవాళ్లు ఏమన్నారు? ప్రతిభ పుట్టుకతో వస్తుందన్నట్టు మాట్లాడారు. వెనకబడ్డవాడు వెనకబడే ఉంటాడన్నారు. ఈ లెక్క ఏం చూపిస్తోంది? ఆరితేరినవాడి మూటలో ఉన్నదాంట్లో చాలా భాగం కిటుకులే. ఎవరో నేర్పినవి, అలవాటుతో వచ్చినవి. మూట విప్పి పంచితే కొత్తవాడు రెండు నెలల్లో అందుకున్నాడు. మన తాతలకు ఆ మూట విప్పలేదు. పలక ముట్టనియ్యలేదు. తరాల తరబడి మూటకు ముడేసి కూర్చుని, ఆ ముడికే మెరిట్ అని పేరు పెట్టారు.

ఒక్క కంపెనీ లెక్కతో లోకమంతా తేలిపోదు, నిజమే. అందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఆ యంత్రానికి మాటలు నేర్పింది ఎవరు? బాగా పనిచేసే ఉద్యోగుల సంభాషణలే దానికి పాఠాలు. వాళ్ల నేర్పు కంపెనీ సొత్తయింది. దానికి వాళ్లకు దక్కేదేమిటన్న ప్రశ్న ఆ పరిశోధకులే ఎత్తారు. మనిషికి తోడుగా కాకుండా మనిషికి బదులుగా యంత్రాన్ని నిలబెడితే పనిచేసేవాడి బేరమాడే బలం పోతుందని 2022లో బ్రిన్‌యోల్ఫ్‌సనే హెచ్చరించాడు. చెప్పులు కుట్టిన నేర్పు, డప్పు కట్టిన నేర్పు, నేత నేర్పు ఎవరెవరి లాభాలుగా మారాయో తెలిసినవాళ్లం మనం. మనకిది కొత్త కథ కాదు.

అసలు గేటు లోపలికి రానిస్తేనే గదా యంత్రం సాయం చేసేది! సుఖదేవ్ థొరాట్, పాల్ అట్టెవెల్ 2007లో అచ్చువేసిన పరిశోధన చూడండి. ఒకే చదువు, ఒకే అర్హత చూపించి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు, పేర్లు మాత్రం మార్చారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది. రిజర్వేషన్ లేని చోట పేరే గేటుకు తాళమవుతోంది.

బాబాసాహెబ్ కూడా ఆర్థికవేత్తేనని మరిచిపోవద్దు. కులం పనిని మాత్రమే విభజించలేదు, పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విడగొట్టిందని ఆయన 1936లోనే ‘కుల నిర్మూలన’లో చెప్పాడు. కిందివాడికి చదువూ నిర్ణయమూ అందకుండా చేసే ఏర్పాటే కులం. అందితేనే యంత్రం ఫలిస్తుందని కంపెనీల లెక్కలు ఇప్పుడు చెబుతున్నాయి. గాంధీ యంత్రాన్ని తప్పుబడితే, తప్పు యంత్రానిది కాదు, దాన్ని కొందరి సొత్తు చేసిన సమాజానిదని అంబేద్కర్ 1945లో జవాబిచ్చాడు. మన దారి అదే.

కాబట్టి కార్యకర్తలు ఏ ఊళ్లో, ఏ ఆఫీసులో, ఏ ఫ్యాక్టరీలో కొత్త యంత్రం దిగినా మూడు ప్రశ్నలు అడగాలి. తాళం ఎవరి దగ్గరుంది? నేర్పుతున్నది ఎవరికి? మిగిలింది ఎవరికి పోతోంది? బడిలో కంప్యూటర్ గది తెరిపించండి. మన ఆడపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ అడగండి. యంత్రం వల్ల పెరిగిన దాంట్లో కూలికి వాటా అడగండి.

మూట ముడి విప్పితే ఏమవుతుందో లెక్క తేలింది. ఇక ముడి విప్పించే పని మనది.

జై భీమ్!