ఆక్రమణదారులు ఎవరు?

మన పల్లెల్లో ఊరు మెరకన ఉంటుంది. మాలమాదిగల ఇండ్లు వంక గట్టునో, గుట్ట కిందో, చెరువు పక్కనో ఉంటాయి. ఆ జాగా మనం ఏరుకున్నది కాదు. ఊర్లో జాగా ఇయ్యనివాళ్లు మన తాతలను అక్కడికి తోసినారు. ఇప్పుడు ఆ జాగాకే నోటీసు వస్తుంది, ప్రభుత్వ భూమిని ఆక్రమించినారు, ఖాళీ చేయండి అని!

ఈ నోటీసుకు మూలం 1905 నాటి భూ ఆక్రమణల చట్టం. తెల్లదొరలు మద్రాసులో చేసినారు. దొరలు పోయినారు, చట్టం పోలేదు. 6వ సెక్షను కింద తాసీల్దారు మనల్ని ఖాళీ చేయించవచ్చు, పంటను, కట్టడాన్ని జప్తు చేయవచ్చు. ఆయనే ఫిర్యాది, ఆయనే జడ్జి. అయితే అదే చట్టంలో 7వ సెక్షను ఉంది. ముందు నోటీసు ఇయ్యాలి, మన జవాబు వినాలి. 10వ సెక్షను ఉంది. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఈ రెండూ మనకు ఎవరు చదివి చెప్పినారు?

పెద్దోళ్లకు మాత్రం చెప్పే వకీళ్లు ఉన్నారు. ఉస్మానియా యూనివర్సిటీ కోసం తీసుకున్న హబ్సిగూడ భూముల తగాదాలో 1982లో సుప్రీంకోర్టు ఏమంది? హక్కు మీద నిజమైన తగాదా ఉంటే ప్రభుత్వం ఈ చట్టంతో ఖాళీ చేయించకూడదు, సివిల్ కోర్టుకు పోవాలి అంది. ఆ తీర్పు మనకూ వర్తిస్తుంది. కానీ కోర్టు మెట్లెక్కే స్తోమత ఎవరికుంది?

2011లో జగపాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయమని అదే కోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వ ఉత్తర్వు కింద ఇచ్చిన భూములకు మినహాయింపు కూడా చెప్పింది. మన ఇండ్ల మీదికి వచ్చేవాళ్లు తీర్పును ఆ వాక్యం దాకా చదవరు.

2024 నవంబరు 13న, 15 రోజుల నోటీసు లేకుండా ఇండ్లు కూల్చవద్దని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మంచిదే. కానీ రోడ్డు మీద, చెరువులో, నదిలో కట్టినవాటికి అది వర్తించదట! 2025 జనవరిలో మన ప్రభుత్వం 150 గజాల దాకా పేదల ఇండ్లను ఉచితంగా క్రమబద్ధం చేస్తామని జీవో 30 ఇచ్చింది. అదీ "అభ్యంతరం లేని" భూమిలోనే. అంటే మనల్ని తోసిన చోటే రక్షణ లేదు. తోసినవాళ్ల మీద అభ్యంతరం లేదు, ఉన్నవాళ్ల మీద ఉంది!

మరి మన డి.కె.టి. పట్టా భూముల్లో దూరినవాళ్ల సంగతేంది? 1977 అసైన్డు భూముల చట్టం ప్రకారం, కొన్నవాళ్ల నుంచి తీసి పేదోళ్లకు తిరిగి ఇయ్యాలి. ఎన్ని ఎకరాలు తిరిగి ఇప్పించినారు? 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్లు దాటిన భూముల అమ్మకానికి దారి తెరిచినారు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయినాయి. సర్కారు కాగితానికే దిక్కులేకపోతే మన పెట్టెలోని కాగితమే మనకు దిక్కు.

అందుకే వాడవాడకూ మేము చెప్పేది ఇదే. పట్టా, బి-మెమో రసీదు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు జిరాక్సు తీయించి రెండు చోట్ల దాచండి. బి-మెమో రసీదు అనుభవానికి రుజువే గానీ హక్కు కాదు, మోసపోవద్దు. నోటీసు వస్తే తీసుకోండి, తేదీ రాసుకోండి, గడువులోపు జవాబు రాసి అక్నాలెడ్జిమెంటు తీసుకోండి. ఒక ఇంటికి వచ్చిన నోటీసు వాడంతటికీ వచ్చినట్టే అనుకోండి.

వంక గట్టున ఎవరికీ ఉండాలని లేదు. వాన కాలంలో పిల్లల్ని ఎత్తుకొని ఎవరు పరిగెత్తాలనుకుంటారు? మా డిమాండు ఒకటే. ముందు మెరక జాగాలో పట్టా, ఇల్లు. తర్వాతనే ఖాళీ. అంతదాకా కదిలేది లేదు.

జై భీమ్!