కాగితం యజమానిది, కష్టం కార్మికునిది



విదేశీ యజమాని మన దేశం నుండి కూలిని పిలిపించుకోవాలంటే ప్రభుత్వానికి కొన్ని పత్రాలు దాఖలు చేయాలి. ఆ పత్రాలు సక్రమంగా ఉన్నాయని ముద్ర వేసిన నాడు ప్రభుత్వం తన బాధ్యత తీరిందని చేతులు దులుపుకుంటున్నది. బాధ్యత అక్కడ తీరదు, అక్కడ మొదలవుతుందని మేము నిర్ద్వంద్వంగా ప్రకటిస్తున్నాము. ఈ మాట పుదుచ్చేరి నుండి చెప్పడానికి మాకు ప్రత్యేకమైన హక్కు ఉన్నది.

ఈ నగరపు కడలి ఒడ్డున నేడు కనిపించేది విహారయాత్రికుల సందడి. ఒకనాడు ఇక్కడ ఓడ ఎక్కినది కూలిజనం. ఫ్రెంచి ఏలుబడిలోని యానాం నుండి 1828లోనే తెలుగు కూలీలను బూర్బన్ ద్వీపానికి, అంటే నేటి రియూనియన్‌కు, తరలించారు. 1853 మొదలు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుండి మార్టినీక్, గ్వాడెలూప్ చెరకు తోటలకు ఓడలు సాగాయి. ఆనాడు కాగితాలు లేవని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 1860, 1861 సంవత్సరాలలో బ్రిటిషు, ఫ్రెంచి ప్రభుత్వాలు ఒడంబడికలు చేసుకున్నాయి. కూలీ తన ఇష్టంతో పోతున్నాడా, ఒప్పందం ఎటువంటిదో, పోవలసిన చోటు ఏదో, ప్రయాణం ఎన్నాళ్ళో అతనికి పూర్తిగా తెలుసునా అని ఓడ ఎక్కే ముందే ఏజెంటు నిర్ధారణ చేసుకోవాలని వ్రాసుకున్నాయి. వారానికి ఆరు రోజులకు, రోజుకు తొమ్మిదిన్నర గంటలకు మించి పని చేయించరాదని కూడా వ్రాసుకున్నాయి.

ఎంత చక్కని వ్రాత! ఫలితమేమిటి? జీతాల బకాయీలు, అదనపు పని, గడువు తీరినా తిరుగు ప్రయాణం దొరకని దుస్థితి. 1877లో రియూనియన్‌లో ఉభయ ప్రభుత్వాల ప్రతినిధులు విచారణ జరపవలసి వచ్చింది. చివరకు 1882లో బ్రిటిషు ప్రభుత్వమే ఆ ద్వీపానికి వలసను నిలిపివేయక తప్పలేదు. కాగితంలో లోపం లేదు. దానిని అమలు జరిపించే శక్తి కూలీ చేతిలో లేకపోవడమే లోపం.

నేటి సంగతి చూద్దాము. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ యజమాని మూడు ముఖ్య పత్రాలు ఇవ్వాలి. ఎందరు కార్మికులు, ఏ పనికి, ఏ జీతానికి కావాలో తెలిపే డిమాండు లేఖ మొదటిది. తన తరఫున మనుషులను ఎంపిక చేయడానికి రిజిష్టరు అయిన ఏజెంటుకు ఇచ్చే అధికారపత్రం రెండవది. ఉద్యోగ ఒప్పందపు నమూనా మూడవది. ఆ ఒప్పందంలో జీతం, పని గంటలు, ఓవర్‌టైము, భోజనం, వసతి, రానుపోను విమాన ప్రయాణం, తగాదాల పరిష్కారం, చివరకు మరణిస్తే మృతదేహాన్ని ఇంటికి పంపే ఏర్పాటు కూడా ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. పదవ తరగతి దాటని వాడు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రవాస సంరక్షకాధికారి అనుమతి తప్పనిసరి.

ఇవి మంచి నిబంధనలే. వీటిని మేము తృణీకరించడం లేదు. కాని ఈ పత్రాలు నడిచే దారిని గమనించండి. యజమాని నుండి భారత రాయబార కార్యాలయానికి, అక్కడ నుండి ఈ-మైగ్రేట్ కంప్యూటరుకు, ఏజెంటుకు, ఆపై సంరక్షకాధికారికి. ఈ దారిలో కార్మికుడు ఎక్కడ ఉన్నాడు? చిట్టచివర ఉన్నాడు, సంతకం పెట్టే చోట. అతడు సంతకం పెట్టే ఒప్పందం సాధారణంగా ఇంగ్లీషులోనో, అరబ్బీలోనో ఉంటుంది. విమానం దిగిన తరువాత తక్కువ జీతంతో రెండవ కాగితం ముందుకు వస్తే ఏమని ఎదిరిస్తాడు? మొదటి కాగితంలో ఏమున్నదో తెలియదు, ప్రతి చేతిలో లేదు, నివాసానుమతి యజమాని గుప్పిట్లో ఉన్నది, ఇంటి దగ్గర అప్పు ఉన్నది. కఫాలా పద్ధతి అంటే ఇదే. పని ఇచ్చేవాడే జామీనుదారు, జామీనుదారే జైలరు. 2020లో ఖతార్ ఈ పద్ధతిలో కొన్ని కట్టుబాట్లు సడలించింది. అప్పుతో వచ్చినవాని మెడమీది కాడి సడలింపులతో తొలగదు.

ఈ అప్పు ఎక్కడిది? ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. రెండు నుండి అయిదు లక్షలు వసూలవుతున్నాయని కేంద్ర విదేశాంగ శాఖే తన హెచ్చరికలో అంగీకరించింది. మరి చట్టం విధించే జరిమానా ఎంత? 1983లో వ్రాసిన రెండు వేల రూపాయలు! జైలుశిక్ష రెండేళ్ళ వరకు ఉన్నా, లక్షలు మింగినవానికి ఈ జరిమానా ఒక లెక్కా?

కువైట్‌లోని మంగఫ్‌లో 2024 జూన్ 12న కార్మికుల నివాస భవనం అంటుకుని నలభై మందికి పైగా భారతీయులు ప్రాణాలు కోల్పోయారు. ఒప్పందాలలో "ఉచిత వసతి" అన్న రెండు మాటలు ఉంటాయి. ఒక గదిలో ఎందరో, బయటపడే దారి ఎటో ఆ రెండు మాటలు చెప్పవు. చెప్పాలని ఏ ముద్రా అడగదు.

కాగితమే లేని వారి గతి ఇంకా ఘోరం. గోదావరి, కడప జిల్లాల నుండి ఇంటిపనికి కువైట్ వెళ్ళే స్త్రీలను చూడండి. ముప్పై ఏళ్ళు నిండని, పదవ తరగతి దాటని స్త్రీకి ఆ పనికి అనుమతి లేదు. నిషేధించి ప్రభుత్వం నిద్రపోయింది. దళారీ మేల్కొని సందర్శక వీసా చూపించాడు. అనుమతి తీసుకోని ప్రయాణానికి డిమాండు లేఖ లేదు, ఒప్పందం లేదు, రెండేళ్ళకు 275 రూపాయలతో వచ్చే పది లక్షల ప్రమాద బీమా కూడా లేదు.

"షరతులు పెంచితే యజమానులు నేపాల్‌కో, బంగ్లాదేశ్‌కో పోతారు, మన వాళ్ళ నోటి దగ్గర కూడు పోతుంది" అని కొందరు హితవు చెబుతున్నారు. మేము అడుగుతున్నది క్రొత్త పత్రం కాదు. ఉన్న పత్రాన్ని పనిచేసేవానికి అర్థమయ్యే భాషలో అతని చేతికి ఇమ్మంటున్నాము. తాను వ్రాసిన జీతాన్ని కార్మికుడు చదివితే పారిపోయే యజమాని, ఆ జీతం ఇవ్వదలచుకోని యజమానే. నేపాల్, బంగ్లాదేశ్ కార్మికులు మనకు పోటీదారులు కారు. అదే గదిలో పడుకునే సోదరులు.

మా తప్పు కూడా ఒప్పుకుంటాము. 1936 జూలై 30న ఈ నగరంలోని సవానా మిల్లు వద్ద ఫ్రెంచి ప్రభుత్వ కాల్పులలో పన్నెండుగురు కార్మికులు నేలకొరిగారు. ఆ త్యాగ ఫలంగా మరుసటి ఏడాది ఇక్కడ ఎనిమిది గంటల పనిదినం చట్టమైంది. ఆ వారసత్వాన్ని ఏటా స్మరిస్తున్నాము. కాని 2020లో ఏ.ఎఫ్.టి. మిల్లు మూతపడింది, పని కరువైన యువకులు పరదేశాల దారి పడుతున్నారు. మిల్లు గేటు దగ్గర నిలబడిన సంఘం విమానాశ్రయం దారిలో నిలబడలేదు. వెళ్ళేవానిని సభ్యునిగా లెక్కించలేదు. ఇది దిద్దుకోవలసిన తప్పు.

1983 చట్టం స్థానంలో క్రొత్తది తేవడానికి 2019లో, 2021లో, 2025లో ముసాయిదాలు వెలువడ్డాయి. ఏ ముసాయిదా చట్టమైనా అందులో ఈ అంశాలు ఉండి తీరాలని మేము కోరుతున్నాము:

1. డిమాండు లేఖ, ఒప్పందం తెలుగులో, తమిళంలో, కార్మికుని మాతృభాష ఏదైతే అందులో, ప్రయాణానికి కనీసం పదిహేను రోజుల ముందు అతని చేతికి అందాలి. ఒక ప్రతి కుటుంబం వద్ద ఉండాలి.

2. రాయబార కార్యాలయం ధ్రువీకరించిన ఒప్పందానికి భిన్నంగా అక్కడ వ్రాయించుకునే ఏ కాగితమూ చెల్లరాదు. తగ్గిన జీతాన్ని ఏజెంటు నుండి రాబట్టాలి.

3. వసతి షరతులో గదికి ఎందరు, అగ్నిమాపక ఏర్పాటు ఏమిటి అన్నది స్పష్టంగా ఉండాలి.

4. చెన్నైకి పరుగెత్తనక్కరలేకుండా పుదుచ్చేరిలోను, యానాంలోను పత్రాలు చదివి వినిపించే ప్రభుత్వ కార్యాలయం నెలకొల్పాలి. అక్కడ కార్మిక సంఘ ప్రతినిధికి స్థానం ఉండాలి.

5. జరిమానా, వసూలు చేసిన సొమ్ముకు అనేక రెట్లు ఉండాలి.

ప్రభుత్వం ఇచ్చేవరకు మనం ఆగనక్కరలేదు. ప్రతి శాఖా సంఘం వారానికి ఒక సాయంత్రం తలుపు తెరిచి, వెళ్ళేవారి ఒప్పందాన్ని చదివి చెప్పాలి. ఒక నకలు దాచిపెట్టాలి. వెళ్ళినవారి పట్టిక వ్రాసి ఉంచాలి.

1828లో యానాం నుండి పోయిన కూలీ వ్రేలిముద్ర ఎవరి పుస్తకంలో మిగిలినదో, అతనికి తెలియదు. రేపు పోయే వాని సంతకం దేనిక్రింద ఉన్నదో అతనికి తెలిసి తీరాలి. ఆ మేరకు పోరాడుదాము.