సీమలో సీమపిస్తోలు మోజు



మన భాషలో "సీమ" అనే మాటకు రెండు అర్థాలున్నవి. ఒకటి మా రాయలసీమ. రెండవది ఓడలెక్కి సరకు వచ్చిన పరదేశం. సీమదొర, సీమచింత, సీమసున్నం అన్నప్పుడు ఈ రెండవ అర్థమే. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్న సామెతను మనవారు అన్ని వస్తువులకూ వర్తింపజేస్తారు గాని, కర్నూలు, కడప ప్రాంతాలలో లైసెన్సు పిస్తోలు దగ్గరకు వచ్చేసరికి దానిని తలక్రిందులు చేస్తారు. అక్కడ పాతదే వింత, కొత్తదే రోత. తాతలనాటి ఇంగ్లండు పిస్తోలు చేతికి వస్తుందంటే ఎన్ని లక్షలైనా పోయవచ్చునట. మన దేశపు కర్మాగారంలో తయారైన కొత్త పిస్తోలు మాత్రం తిరునాళ్లలో పిల్లలు కొనుక్కొనే ఆటవస్తువట! ఈ వాదం తప్పని, ఇందులో వస్తుజ్ఞానం కంటె దర్పం పాలు ఎక్కువని చెప్పడానికే ఈ టపా.

బ్రతుకంతా చేతబట్టిన సీమసరకు సీమసున్నం ముక్క ఒక్కటే అయిన తెలుగు పండితునికి పిస్తోళ్ల గొడవ ఏల అని కొందరు అడుగవచ్చు. ముప్పది ఏండ్లకు పైగా జిల్లా పరిషత్తు పాఠశాలలలో పాఠం చెప్పినవాడను. హాజరుపట్టీలో ఒక పేరు పిలిచి, పలుకు రాక తలయెత్తితే, "వాళ్ల నాయన్ని చంపినారయ్యోరూ, వాళ్లమ్మ పిల్చుకొని ఊరిడిసిపెట్టి పోయింది" అని తక్కిన పిల్లలు చెప్పిన ఊళ్లలో పనిచేసినవాడను. ఆ గొడవ నాదీ అవుతుంది.

ముందు ధర సంగతి చూద్దాం. 1878లో లిట్టను ప్రభువు కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుని చేతినుండి తుపాకిని లాగివేసింది. స్వతంత్ర భారతం దానిని తొలగించి 1959లో కొత్త చట్టం చేసింది. అది 1962లో అమలులోకి వచ్చింది. ఈ చట్టం క్రింద .38, 9 ఎం.ఎం. వంటి బోర్లు సామాన్య పౌరునికి నిషిద్ధం. కనుక పిస్తోలు కావాలన్నవాడు సాధారణంగా .32 బోరుతో తృప్తిపడవలసినదే. 1980ల మధ్యకాలంలో ప్రభుత్వం పౌరులు విదేశాలనుండి తుపాకులు దిగుమతి చేసుకొనడాన్ని ఇంచుమించుగా ఆపివేసింది. నాటినుండి దేశంలో ఉన్న విదేశీ పిస్తోళ్లే చేతులు మారుతున్నవి. తండ్రినుండి కొడుకుకు, ఒక లైసెన్సుదారునినుండి మరొకనికి, కస్టమ్స్ వారు పట్టుకొన్నవి ఒకప్పుడు పార్లమెంటు సభ్యులకూ అధికారులకూ, ఇట్లా తిరుగుతూ వచ్చినవి. సరకు పెరగదు, గిరాకి తగ్గదు. ఇక ధర ఆకాశాన్ని అంటక ఏమవుతుంది?

కరవుసీమవాళ్లం మనకు ఈ లెక్క ఒకరు చెప్పాలా? కరవునాట జొన్నల ధర నాలుగింతలవుతుంది. అంతమాత్రాన గింజలో సత్తువ నాలుగింతలు కాదు. పాత పిస్తోలుకు పలికే ధర కరవుధర. ఉక్కు గొప్పతనానికి అది కొలత కాదు.

ఇక ఉక్కు సంగతి. వెబ్లీ అండ్ స్కాట్ అన్నది బర్మింగ్‌హాము నగరపు సంస్థ. దాని .32 పిస్తోలును 1911లో లండను మహానగర పోలీసులు స్వీకరించారు. ఆనాటి పనితనం మంచిదే, కాదనను. అయితే ఆ పిస్తోలు తయారీ 1940తో ముగిసింది. అంటే ఈనాడు మీరు లక్షలు పోసి తెచ్చుకొనే ఆ రకపు పిస్తోళ్లలో అన్నిటికంటె చిన్నదానికే ఎనుబదియేండ్లు దాటినవి. గొట్టం గట్టిదే కావచ్చు, లోపలి స్ప్రింగు గట్టిదని ఎవరు చెప్పగలరు? తూటాను పొడిచే సూది అరిగినదో, పగులు వారినదో పైకి కనబడదు. ఆనాటి పిస్తోళ్లలో చాలావాటికి, చేయి జారి క్రింద పడినప్పుడు పేలకుండా అడ్డుకొనే ఏర్పాటు లోపల ఉండదు. విడిభాగాలు దొరకవు, ఆ కంపెనీ 1979లోనే ఇంగ్లండులో పిస్తోళ్లు, రివాల్వర్లు చేయడం మానుకొన్నది. అరిగిన ముక్క బదులు మరమ్మతుదారు ఆకురాయితో అరగదీసి అమర్చిన ముక్కమీద ప్రాణం పెట్టుకొని తిరగవలసిందే. ఇంగ్లండు పేరు పైన, బజారు ముక్క లోన!

కొత్తదాని మాటకు వద్దాం. మన ఆయుధ కర్మాగారాలవారు తమ .32 పిస్తోలుకు "అశని" అని పేరు పెట్టారు. అశని అంటే పిడుగు. పేరు విని మురిసిపోవలసిన పని లేదు గాని, అటుపిమ్మట అక్కడనుండి వచ్చిన రివాల్వర్ల పేర్లు కూడ సంస్కృతపు పుట్టలోనివే. 2014లో కాన్పూరునుండి వచ్చిన "నిర్భీక్", 2023లో వచ్చిన "ప్రబల్". నిర్భీక్ ధర ఆనాడు 1,22,360 రూపాయలు. ఒక మధ్యతరగతి ఉద్యోగికి అదేమీ చిన్న మొత్తం కాదు, అయినా పాత సీమపిస్తోలు ముందు అది చవకే.

వీటిమీద ఫిర్యాదులు లేవా? ఉన్నవి. మీట బరువని, నునుపు తక్కువని, అప్పుడప్పుడు తూటా ఇరుక్కొంటుందని వాడినవారు చెప్పుకొంటారు. ఆ మాటలను కొట్టివేయను. అయితే కొత్త వస్తువుకు తయారీదారు బ్రతికి ఉన్నాడు. వెనుకకు పంపడానికి చిరునామా ఉన్నది. 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు తుపాకుల పని కాన్పూరు కేంద్రంగా ఉన్న కంపెనీకి వచ్చింది. దానిని నిలదీయవచ్చును. 1940నాటి బర్మింగ్‌హాము పనివానిని నిలదీయగలమా? పైగా పాత .32 పిస్తోలులోనైనా, అశనిలోనైనా పడేది ఒకే రకం తూటా. బ్రౌనింగు అనే అమెరికను శిల్పి 1899 ప్రాంతంలో రూపొందించినదే అది. గొట్టం వెలుపలికి వచ్చిన తరువాత ఆ తూటాకు తన కులగోత్రాలు గుర్తుండవు.

వెబ్లీ అన్న పేరు లేనిదే నిద్రపట్టనివారికి మరొక ముచ్చట. అదే పేరుతో .32 రివాల్వర్లు ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లా సండీలాలో తయారై 2020లో అంగడికి వచ్చినవి. మోజుపడిన పేరే దేశవాళీ అయి కూర్చున్నది!

ఒక పాత శిష్యుడు, తండ్రి కాలం చేసిన తరువాత నన్ను అడిగినాడు. "అయ్యోరూ, మా నాయనది ఇంగ్లండుది ఉండాది. దాన్నే నా పేరున రాయించుకోమంటారా, అమ్మేసి కొత్తది తెచ్చుకోమంటారా?" నేను చెప్పిన సమాధానమే ఇక్కడ మీకూ చెబుతున్నాను: "ఏదో ఒకటి తప్పదంటే కొత్తదే తెచ్చుకో నాయనా. కాని అసలు తప్పదా అన్నది ముందు చూసుకో."

నా వాదంలో రెండవ సగం ఇదే. పాతదా కొత్తదా అని గంటలకొద్దీ తర్కించేవారు, మా సీమలో పిస్తోలు ఎవరిని కాపాడిందన్న ప్రశ్నను మాత్రం దాటవేస్తారు. 1998 మేలో కడప జిల్లాలో వై.ఎస్. రాజారెడ్డిగారు బాంబుల దాడిలో హతులైనారు. 2017 మే 21న కృష్ణగిరి మండలంలో చెరుకులపాడు నారాయణరెడ్డిగారు పెండ్లికి వెళ్లి వస్తూ హతులైనారు. లైసెన్సు పునరుద్ధరణ జరగనందున ఆయన చేతిలో ఆయుధం లేకపోయిందని ఆయన పార్టీవారు ఆరోపించారు. అవతలివాదంలో నేను గౌరవించే ఒకే ఒక వాదం ఇది. ప్రాణభయం ఉన్నవాని దరఖాస్తు బల్లమీద నిద్రపోవడం ఏ ప్రభుత్వానికీ తగదు. ఇస్తే ఇవ్వాలి, ఇవ్వకుంటే కారణం చెప్పాలి, కాపలా ఏర్పాటు చేయాలి. అంతవరకు అంగీకరిస్తాను. కాని మాటువేసి, వాహనాన్ని అడ్డగించి, బాంబులతో, వేటకొడవళ్లతో గుంపుగా మీదపడడం మా సీమ కక్షల పద్ధతి. అక్కడ నడుముకున్న పిస్తోలు, పాతదైనా కొత్తదైనా, తీసేలోపల కథ ముగుస్తుంది. ఎన్నికలు వచ్చినవంటే లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషనులో అప్పగించవలసి ఉంటుంది. కక్షలు రగిలే కాలంలో పిస్తోలు స్టేషనులో, మనిషి ఊరిలో!

మరి ఎందుకు మోజు? పాలెగాళ్ల నీడ ఇంకా మా మీద ఉన్నది. 1800లో దత్తమండలాలు కుంఫిణీ చేతికి చిక్కిన తరువాత మన్రో దొర పాలెగాళ్ల బలగాలను అణచి, వారి ఆయుధాలను ఊడబెరికినాడు. కోటలు పోయినవి, బలగాలు పోయినవి, ఆయుధమున్నవాడే పెద్దమనిషి అన్న భావం మాత్రం పోలేదు. పెండ్లిపందిటిలో చొక్కా మాటున కనబడీ కనబడక కనబడే పిడి కోసమే ఇంత ఖర్చు. అక్కడ ఇంగ్లండు పిడికి ఒక అంతస్తు, కాన్పూరు పిడికి మరొక అంతస్తు. కొట్టేది తూటా కాదు, డాబు. 2019 సవరణతో చట్టం ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఉండరాదన్నది. సంబరాలలో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలమీదికి తెస్తే రెండేండ్ల దాకా శిక్ష అన్నది. శాసనకర్తలకు కూడ ఈ డాబు సంగతి తెలిసినట్లే ఉన్నది.

కాబట్టి నా మాట ఇది. నిజంగా ప్రాణభయం ఉండి, కలెక్టరు లైసెన్సు ఇచ్చినచో, కొత్తదే కొనండి. పడిపోతే పేలకుండా ఏ ఏర్పాటు ఉన్నదో అడిగి కొనండి. పిల్లలకు అందని ఇనుపపెట్టెలో తాళం వేసి ఉంచండి. తండ్రి వదలిన పాతది ఉన్నచో, వంశగౌరవమని గూట్లో పెట్టకండి. వారసునికి లైసెన్సు లేని ఆయుధం గౌరవం కాదు, నేరం. లైసెన్సున్న వర్తకునికో, పోలీసు స్టేషనులోనో అప్పగించి రసీదు తీసుకొనండి. ప్రాణభయం లేక పరువు కోసమే అయితే, ఆ లక్షలతో పొలంలో బోరు వేయించండి. నీళ్లు పడే నమ్మకం లేదంటారా? నిజమే, మా నేలలో ఆ నమ్మకం తక్కువే. అయినా పిస్తోలు వలన ఊరికి ఒక బిందె నీళ్లు వచ్చే నమ్మకం అంతకంటె తక్కువ.

సీమపిస్తోలే గొప్పదనే మిత్రులు తమ వాదాన్ని వినిపించవచ్చు. ధర చెప్పి గొప్ప అనవద్దు, గుణం చెప్పి అనండి. వింటాను.