బ్రూటస్ మహాశయుని తర్కము

రాజకీయ ద్రోహాన్ని ఇతివృత్తంగా గ్రహించిన ఆంగ్ల విషాదాంత నాటకాలలో షేక్స్పియర్ మహాకవి విరచితమైన 'జూలియస్ సీజర్' అగ్రగణ్యమైనదనుటలో సందేహం లేదు. 1599లోనే లండన్ నగరంలో ప్రదర్శింపబడినప్పటికీ 1623 వరకు ఇది అచ్చు ముఖం చూడలేదు. నార్త్ దొర ఆంగ్లీకరించిన ప్లుటార్క్ జీవిత చరిత్రలు దీనికి ఆధారం. ఇంతవరకు గైడు పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ పిదప అవి చెప్పే మాటతోనే మాకు పేచీ. నాటకానికి పేరు సీజరుదైనా నాయకుడు బ్రూటస్ అనీ, అతడు ఉదాత్తుడనీ, కేవలం అమాయకత్వం వల్ల చెడినాడనీ మన విద్యార్థులు వల్లించి, పరీక్షలో వ్రాసి, మార్కులు తెచ్చుకొంటున్నారు. బ్రూటస్ అమాయకుడని మేము అంగీకరించలేము.

కథ అందరెరిగినదే. పాంపే కుమారులను జయించి వచ్చిన సీజరుకు ముమ్మారు కిరీటం ఇవ్వజూపుతారు. కాసియస్ కుట్ర పన్ని, దొంగ ఉత్తరాలు విసిరించి, బ్రూటసును అందులోనికి దించుతాడు. క్రీస్తుపూర్వం 44 మార్చి 15న సీజరు హతుడవుతాడు. ఆంటోనీ ప్రసంగంతో జనం తిరగబడతారు. ఫిలిప్పై యుద్ధంలో ఓడి కుట్రదారులిద్దరూ ప్రాణాలు విడుస్తారు.

అయితే హత్య సభాభవనంలో జరుగలేదనీ, అంతకు ముందటి రాత్రి బ్రూటస్ తోటలోనే జరిగిపోయిందనీ మా అభిప్రాయం. రెండవ అంకంలోని ఆ స్వగతాన్ని విద్యార్థులు నిదానంగా చదువవలెను. సీజరు మీద తనకు స్వంత పగ లేదని బ్రూటస్ ఒప్పుకొంటాడు. సీజరు వివేకాన్ని ఆవేశం మింగివేసిన సందర్భం తానెరుగనని కూడ ఒప్పుకొంటాడు. అయినను, కిరీటం వస్తే మారవచ్చును గనుక, పాముగుడ్డును పొదగక ముందే చిదిమినట్లు చంపవలెనంటాడు. చేసిన నేరానికి కాదు, చేయగల నేరానికి మరణశిక్ష! ఉత్తరాలు చేతికందేది ఆ తరువాతనే. కనుక మోసపోయినాడనుట సగం మాట మాత్రమే. అప్పటికే తనను తాను నమ్మించుకొన్నాడు.

భయం నిరాధారమని మేమనము. సీజరు విగ్రహాల అలంకారాలు తొలగించిన ఇద్దరు అధికారుల నోరు మూయింపబడిందని మొదటి అంకంలోనే వింటాము. సీజరు డాంబికుడు కూడ. ఒక చెవి వినపడని మనిషి, హెచ్చరికలను రెండు చెవులా విననొల్లడు. (అయినా మరణభయాన్ని తృణీకరించే అతని పలుకుల ప్రక్కనే, రాబెన్ ద్వీపపు చెరలో 1977 డిసెంబరు 16న నెల్సన్ మండేలా సంతకం చేసినాడు. దీపావళి శుభాకాంక్షల బొమ్మలు అతికించి ఆ గ్రంథాన్ని కాపాడుకొన్న తోటి ఖైదీ పేరు వెంకటరత్నం!) కాని చరిత్రలో క్రీస్తుపూర్వం 48లో పాంపే పక్షాన పోరాడి ఓడిన బ్రూటసును క్షమించినవాడు ఈ సీజరే. ఉర్దూలో 'గద్దారీ' అన్న ఒక్క మాట చాలును. తెలుగులో మనము మిత్రద్రోహమని, దేశద్రోహమని వేరుచేసి చెప్పుకొంటాము. రెండవదానికి వెరచి మొదటిదానికి ఒడిగట్టినవాడు బ్రూటస్. ఆ బేరంలో దేశమైనా దక్కిందా?

ఈ ప్రశ్నకు సమాధానం మూడవ, నాలుగవ అంకాలలో ఉన్నది. ప్రతి పౌరునికి 75 ద్రాక్మాలు ఇచ్చిన సీజరు మరణశాసనాన్ని చూపి ఆంటోనీ జనాన్ని రెచ్చగొడతాడు. ఆ రెచ్చిన జనానికి దారిలో సిన్నా అను కవి ఎదురవుతాడు. కుట్రదారులలో ఒకని పేరు కూడ సిన్నాయే. తాను కవిననీ, ఆ సిన్నా వేరనీ మొరపెట్టుకొన్నా వినరు; పద్యాలు బాగుండవని మరొక నేరం మోపి చీల్చివేస్తారు. నవ్వు రావలసిన చోట ఒళ్లు జలదరిస్తుంది. వెనువెంటనే నాలుగవ అంకంలో ఆంటోనీ మేనల్లుని పేరు మీద మరణపు చుక్క పెట్టి, అదే మరణశాసనాన్ని తెప్పించి, అందులోని దానాలు ఎట్లా తగ్గించవచ్చునా అని ఆలోచిస్తాడు. జనానికి చూపిన కాగితం పని అయిపోయింది.

మన కళాశాల వార్షికోత్సవాలలో ఆంటోనీ ప్రసంగం ప్రదర్శించుట ఆనవాయితీ. కరతాళ ధ్వనుల మధ్య తెర పడుతుంది. అక్కడ తెర దించుట నాటకానికి అన్యాయమని కళాశాల సంఘం వారికి సవినయంగా మనవి చేస్తున్నాము. ఆ చప్పట్లు కొట్టే చేతులే మరుక్షణం సిన్నాను పట్టుకొంటాయన్నది కవి చూపదలచిన సంగతి. ఆ రంగం యాభై పంక్తులైనా లేదు. జనంలో నలుగురు, కవి ఒకడు, అయిదుగురు చాలును. కొత్త దుస్తుల ఖర్చు కూడ ఉండదు. ఆంటోనీ వేషానికి ఏటా పోటీ ఉంటుంది. సిన్నా వేషానికి ముందుకు వచ్చే విద్యార్థి ఉంటే, ఉచ్చారణ నేర్పుటకు మేము సిద్ధంగా ఉన్నాము.